నిప్పు కదలని బట్టీ

టొరంటోలో అమ్మాయి ఇంటికొచ్చి నెల అయిందండీ. నయాగరా అయింది, గుళ్ళూ మాల్స్ అయ్యాయి. "ఇంకేం చూస్తారు మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు. "ఇక్కడ ఇటుక బట్టీ ఉందా?" అన్నాను. తాతయ్యకి జెట్‌లాగ్ ఇంకా తగ్గలేదనుకున్నాడు మనవడు.

ఉందండీ! డాన్ నది లోయలో. విలియం టేలర్ అనే ఆయన కంచె గుంజలకి గోతులు తీస్తుంటే మంచి బంకమట్టి తగిలిందట. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి 1889లో ఫ్యాక్టరీ పెట్టారు. 1904లో టొరంటో నడిబొడ్డు తగలబడింది. పాపం, ఊరికి నష్టం, వీళ్ళకి గిరాకీ. దశ తిరిగిన రోజుల్లో ఏడాదికి 4 కోట్లకు పైగా ఇటుకలు తీశారు. కచేరీల మాసీ హాల్‌కీ, కాసా లోమా కోటకీ ఇక్కణ్ణుంచే వెళ్ళాయి.

మాది గోదావరి వైపు. పచ్చి ఇటుకలు పేర్చి, సందుల్లో ఊక పోసి, చుట్టూ మట్టి మెత్తి అంటిస్తారు. ఇటుక ఉన్నచోటే ఉంటుంది, నిప్పు పాక్కుంటూ పోతుంది. చల్లారేదాకా రోజుల తరబడి కూచోవాలి. ఇక్కడి పెద్ద షెడ్డులో చూస్తే అంతా తిరగేశారు! పొడుగాటి సొరంగం, మధ్యలో నిప్పు ఉండేది. అది కదిలేది కాదు. ఇటుకలే బండెక్కి పట్టాల మీద మెల్లగా లోపలికెళ్ళి, కాలి, చల్లారుతూ అవతల తేలేవి. మన పెళ్ళిళ్ళ బంతిలో వడ్డించేవాళ్ళు తిరుగుతారు, బఫేలో మనమే తిరుగుతాం కదా, అలాగన్నమాట.

ఫ్యాక్టరీ మూతపడి ఉన్న ఏళ్ళల్లో కుర్రాళ్ళు గోడల మీద రంగుల బొమ్మలేశారు. 2010లో బాగుచేసి తెరిచినవాళ్ళు వాటిని తుడిచెయ్యకుండా చాలా ఉంచేశారు. నాకది నచ్చింది. బట్టీకి సున్నం వేసి కూచోబెడితే ఏం చూస్తాం?

వెనక మట్టి తవ్విన గోతిలో ఇప్పుడు నీళ్ళు, బాతులు. మావైపైతే ఈపాటికి రొయ్యలు వేసేసేవారు. ఆ తవ్విన గట్టులో పొరలు చూసి కోల్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త రెండు మంచుయుగాల నడుమ ఇక్కడ వెచ్చటి కాలం నడిచిందని తేల్చాడు. అది లక్షా ఇరవై వేల ఏళ్ళ కిందటి సంగతి. ఎలుగుబంటంత బీవర్ అనే జంతువు ఎముకలు కూడా దొరికాయి.

"దొరకనివి ఏమయ్యాయి తాతయ్యా? ఇటుకల్లో కలిసిపోయాయా?" అన్నాడు మనవడు.

వచ్చే ఆదివారం మాసీ హాల్ గోడ దగ్గరికి పోదామన్నాను. భూతద్దం తెస్తానన్నాడు.