గుయ్ మనే ఆంప్లిఫయరూ, మా బాబాయి చెవులూ

మన ఫీల్డులో ఒక అలవాటుంది. ఏదైనా సిస్టం సతాయిస్తుంటే, కారణం తెలీకపోయినా ఏదో ఒకటి మార్చి చూస్తాం. సర్వర్ రీస్టార్ట్ చేస్తాం, మెమరీ పెంచుతాం, అదీ కుదరకపోతే "పాత కోడ్ అండీ, మొత్తం తిరగరాయాల్సిందే" అని చేతులు దులుపుకుంటాం. ఈ జబ్బు మనకొక్కళ్ళకే లేదని ఈమధ్య తెనాలి వెళ్ళినప్పుడు తెలిసింది.

మా బాబాయి ఒకప్పుడు మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎలక్షన్లు... ఆ షాపు తాలూకు ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క వాల్వు ఆంప్లిఫయర్. అవుట్‌పుట్‌లో రెండు ఈఎల్84లు, ముందు ఒక ఈసీసీ83. ఆన్ చేస్తే చాలు, పాట ఉన్నా లేకపోయినా అడుగున "గుయ్..." అని ఒకటే మోత. ఇద్దరు మెకానిక్కులు చూశారు, ఇద్దరూ ఫిల్టర్ కండెన్సర్లే మార్చారు. మోత పోలేదు. రెండో ఆయనైతే "నాకేం వినపడట్లేదండీ, వయసు కదా, మీ చెవుల్లోనే ఉందేమో" అన్నాట్ట. జీవితమంతా చెవుల మీద బతికిన మనిషి, అది నిజమేనేమోనని నమ్మడం మొదలుపెట్టాడు. సెట్టు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడు.

నాకు ఆంప్లిఫయర్ కన్నా ఆ మాటే గుచ్చుకుంది.

ముందు ఫోన్లో స్పెక్ట్రమ్ చూపించే ఆప్ ఒకటి వేసి స్పీకర్ దగ్గర పెట్టాను. 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత! "ఇదిగో బాబాయ్, నీ చెవులు బానే ఉన్నాయి" అని చూపించాను. ఆయన మొహం చూడాల్సింది :)

అన్నట్టు, ఆ గీత ఇంకో సంగతి కూడా చెప్పింది. మన ఇళ్ళకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. ఫుల్ వేవ్ రెక్టిఫయర్ దాటాక మిగిలే అల 100 హెర్ట్జ్. ఫిల్టర్ కండెన్సర్లు పోతే వినపడాల్సింది 100. 50 వినపడుతోందంటే, రెక్టిఫయర్‌తో పని లేకుండా ఏసీ ఎక్కడో నేరుగా దూరుతోందన్నమాట.

ఇక మనకి తెలిసిన బైనరీ సెర్చే. వాల్యూమ్ సున్నా చేశా, మోత తగ్గలేదు. అంటే వాల్యూమ్ కంట్రోల్‌కి ముందున్నవాటిని వదిలెయ్యొచ్చు. ఈసీసీ83 పీకేసి చూశా, నిశ్శబ్దం. కొత్త ఈసీసీ83 పెట్టా, మళ్ళీ అదే మోత. సో, తప్పు వాల్వుది కాదు. అనుమానం దాని ఫిలమెంటుకి వెళ్ళే 6.3 వోల్టుల ఏసీ మీదకి పోయింది. ఆ వైర్లు విప్పి, ఎమర్జెన్సీ లైటులోని 6 వోల్టుల బ్యాటరీ తగిలించా. పాట తప్ప ఇంకేమీ లేదు!

ఈ సెట్టులో ఫిలమెంటు లైను రెండు కొసల నుంచీ ఛాసిస్‌కి చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. రెండు కొసలూ సమానంగా, ఎదురెదురుగా ఊగి ఒకదాని మోత ఒకటి కొట్టేసుకోవాలని ఆ ఏర్పాటు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకి రెసిస్టెన్స్ దాదాపు ఉండదు కాబట్టి మీటర్‌కి రెండూ పారలల్‌లో కనిపించి 50 చూపాలి. 100 చూపించింది. ఒకటి తెగిపోయింది.

ఈ మోత ఎప్పట్నుంచి అనడిగితే, "అవుట్‌పుట్ వాల్వు ఒకటి టప్పుమని పోయి, కొత్తది వేయించినప్పట్నుంచి" అన్నాడు బాబాయి ఠక్కున. సరిపోయింది. అవుట్‌పుట్ వాల్వు షార్టయితే హైవోల్టేజి ఫిలమెంటు లైనులోకొచ్చి ఈ రెసిస్టర్లని కాల్చేస్తుంది. వాల్వు మార్చారు గానీ, అది పోతూపోతూ ఏం చేసిపోయిందో ఎవరూ చూడలేదు. కొత్త రెసిస్టర్ల జతకి టీ ఖర్చు కూడా కాలేదు.

మీరెవరైనా ఇలాంటివి విప్పుతానంటే ఒక మాట. ఆపేశాక కూడా కండెన్సర్లలో 300 వోల్టుల దాకా నిలవుంటుంది. ప్లగ్ పీకి, రెసిస్టర్ పెట్టి డిశ్చార్జ్ చేసి, మీటర్‌లో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

"మా మెషీన్లో బానే పనిచేస్తోంది" అని రోజూ ఎన్ని టికెట్లు మూసేస్తున్నామో మనందరికీ తెలుసు. యూజర్‌కి ఓమ్‌లూ హెర్ట్జ్‌లూ తెలియకపోవచ్చు. కానీ మోత వినపడుతోందని చెప్పినప్పుడు, ముందు ఆ మోత ఉందని నమ్మాలి. తర్వాతే స్క్రూడ్రైవర్.