గోరువెచ్చని పాలు

మొన్న రాత్రి, పరీక్ష తప్పిన మా అమ్మాయిని కటువుగా మందలించి, ఆ విసురుతోనే పొయ్యిమీది పాలు దించి తోడుపెట్టితిమి. తెల్లవారి చూడగా పాలు పాలుగానే యున్నవి. మా యత్తగారు గిన్నె చూచి, “తోడు మంచిదేనమ్మా; వేడి తగ్గక మునుపే వేసితివి” అనిరి.

పెరుగునందలి సూక్ష్మజీవులు గోరువెచ్చని పాలలో వృద్ధిపొందును; మరుగు పాలలో నశించును. ఎఱిగియు తొందరపడితిమి. అంతలో అన్నము ముట్టక పండుకొన్న బిడ్డ జ్ఞప్తికి వచ్చినది. మా మాటలును మంచివే. చెప్పిన వేళయే మంచిది కాదు.

ఆ సాయంకాలము తల దువ్వుచు మెల్లగా నడిగితిమి. లెక్కలు మొదటినుండియు బోధపడలేదని చెప్పి యేడ్చినది.

సోదరీమణులారా, హితవును తోడువంటిదే. వేడి తగ్గిన పిదపనే వేయవలెను. బొత్తిగా చల్లారిపోనీయరాదు సుమా!