భీముడి బరువు

నా వైద్యవృత్తిలో అన్నిటికంటే ఎక్కువగా చూసిన కాగితం పసిపిల్లల బరువు పట్టిక. గీత పైకి సాగితే తల్లితోపాటు నేనూ ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అది చదునుగా సాగిందంటే పాలు, పప్పు, గుడ్డు అంటూ ఉపదేశం ఆరంభించేవాణ్ణి. పదవీ విరమణ తరువాత మా ఇంటికి వచ్చిన లాబ్రడార్ పిల్లకు కూడా అదే పట్టికను మనసులో గీసుకున్నాను. ఈసారి మనుషుల ఆరోగ్యాన్ని పక్కనపెట్టి ఆ పొరపాటును గురించి వ్రాస్తున్నాను. మీలోనూ పెద్దజాతి కుక్కపిల్లలను తెచ్చుకుంటున్నవారు ఉన్నారు కనుక మన్నిస్తారనే అనుకుంటాను.

మనవడు దానికి భీముడని పేరు పెట్టాడు. పేరుకు తగినట్టే మేపాము. ఉదయం పాలు, మధ్యాహ్నం కోడిమాంసం కలిపిన అన్నం, సాయంత్రం గుడ్డు, రాత్రి పెరుగన్నం. ఇవిగాక దుకాణంలో కొన్న కుక్కపిల్లల ఆహారం గిన్నెలో ఎప్పుడూ నిండుగా ఉండేది. ఎముకలు గట్టిపడాలని రోజూ కాల్షియం సిరప్ నా చేతులతోనే పట్టేవాణ్ణి. ఐదో నెల నిండేసరికి 25 కిలోలు తూగాడు. వచ్చినవారందరూ "ఎంత బొద్దుగా ఉన్నాడండీ!" అని మురిసిపోతుంటే, నా శ్రీమతి వాడికి దిష్టి తీసేది.

ఏడో నెలలో ఒక ఉదయం వాడు లేవబోయి కూలబడ్డాడు. తరువాత వెనుక కాళ్లు రెండూ జతగా వేస్తూ కుందేలులా గెంతాడు. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు వదులుగా కనిపించాయి. పశువైద్యురాలు మా అమ్మాయి ఈడుది. ఏం పెడుతున్నారని అడిగింది. నేను గర్వంగానే జాబితా చదివి, చివర కాల్షియం సంగతి చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి, "ఆ సిరప్ ఈ రోజే ఆపేయండి సార్" అన్నది. అంతమంది తల్లులకు ఆహార నియమాలు చెప్పిన నాకు ఆ క్షణాన తలెత్తాలనిపించలేదు.

కారణం విన్నాక తలెత్తడం మరింత కష్టమైంది. మనిషి బిడ్డ ఏడాదిలో పుట్టిన బరువుకు సుమారు మూడింతలవుతుంది. అరకిలో అయినా లేకుండా పుట్టే లాబ్రడార్ పిల్ల అదే ఏడాదిలో 30 కిలోల దరిదాపులకు చేరుతుంది. ఎముకల చివర ఉండే మృదులాస్థి క్రమంగా ఎముకగా మారవలసిన కాలమది. అది గట్టిపడకముందే మీద బరువు పడితే కీలు సరిగా కుదురుకోదు. తుంటి కీలు వదులవడానికి వంశలక్షణం మూలమే. అయినా అతిపోషణ, అధిక బరువు దానిని ఎక్కువ చేస్తాయి.

కాల్షియం కథ వేరు. పెద్ద కుక్క శరీరం అక్కరకు మించిన కాల్షియాన్ని చాలావరకు పేగులోనే నిలువరించగలదు. తొలి ఆరు నెలల్లో కుక్కపిల్లకు ఆ అదుపు సరిగా ఉండదు. వేసినదానిలో పెద్ద భాగం లోపలికి చేరి, మృదులాస్థి ఎముకగా మారే పనినే చెడగొడుతుంది. పెద్దజాతి పిల్లల కోసం తయారైన ఆహారంలో కాల్షియం కొలత ప్రకారమే ఉంటుంది. దానిపై సిరప్ పోయడం హాని. అలాగని వట్టి మాంసం పెట్టి పెంచడమూ తప్పే. అందులో కాల్షియం చాలదు.

తిండి తగ్గిస్తే మరుగుజ్జు అవుతాడేమోనని నేను భయపడ్డాను. మీరూ భయపడతారు. చివరికి ఎంత ఎత్తు ఎదగాలో వంశమే నిర్ణయిస్తుంది. మితంగా తిన్న పిల్ల ఆ ఎత్తుకు కొంత ఆలస్యంగా చేరుతుంది, అంతే. అమెరికాలో 48 లాబ్రడార్‌లను జతలుగా పంచి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ ఆహారం పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కీళ్లవాతం కూడా మొదటివాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంత మేలు చేసే మందు మనుషులకైనా నేను వ్రాసిన గుర్తు లేదు.

మీ కుక్కపిల్ల సంగతి తెలుసుకోవడానికి మీ చేతులే చాలు. పక్కటెముకల మీద వేళ్లు ఆనించండి. నొక్కకుండానే ఎముకలు తగలాలి, దూరానికి మాత్రం పొడుచుకొచ్చినట్టు కనిపించకూడదు. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. ఎత్తుకోగలిగినంత కాలం దానితో కలిసి త్రాసెక్కి, మీ బరువు తీసివేయండి. గిన్నె ఎప్పుడూ నింపి ఉంచవద్దు. కొలిచి పెట్టి, కాసేపటికి తీసివేయండి. బిస్కెట్లు, మురుకులు కూడా లెక్కలోనివే. మెట్ల మీద పరుగులు, సైకిల్ వెంట పరిగెత్తించడం ఎదుగుదల పూర్తయ్యేవరకు, అంటే సుమారు ఏడాదిన్నర వరకు వద్దు. నున్నని టైల్స్ మీద ఒక గోనెపట్టా పరవండి. ఇక కాళ్లు ఎంత లావుగా ఉంటే అంత మేలిజాతి అని చెప్పి అమ్మేవారి మాట చెవిన పెట్టకండి.

భీముడికి ఇప్పుడు ఏడేళ్లు. 31 కిలోలు దాటనివ్వడం లేదు. ధనుర్మాసపు చలిలో మాత్రం తెల్లవారుజామున లేవడానికి కొంత సమయం తీసుకుంటాడు. ముందు కాళ్లు ఆనించి, ఒక క్షణం ఆగి, నావైపు చూస్తాడు. నేను నడుము కింద చేయి వేసి లేపుతాను. నా శ్రీమతి ఇప్పటికీ నేను వాణ్ణి కడుపు మాడుస్తున్నానంటూ, నేను చూడకుండా పెరుగన్నం ముద్ద పెడుతూనే ఉంటుంది. ఆ ముద్దను సాయంత్రపు కొలతలోంచి తగ్గిస్తున్నాను.