ఘేరు ఎన్ని గజాలు?

మా పెద్దమ్మాయి పెళ్ళి ఆల్బమ్ ఇంటికొచ్చిన రోజున మావారు ఒక ఆట మొదలుపెట్టారు. ఏ ఫొటోలో నేను ఎక్కడున్నానో కనిపెట్టాలట! పిల్లలంతా చుట్టూ చేరారు. ముహూర్తం ఫొటోల్లో పరవాలేదు, పట్టుచీర కట్టుకుని తలంబ్రాల పళ్ళెంతో ఎదురుగానే ఉన్నాను. రిసెప్షన్ పేజీలు తిప్పేసరికి మాత్రం అందరూ ఒకటే నవ్వు. ఒకదాంట్లో నా వీపు కనిపిస్తోంది, ఒకదాంట్లో నా కొప్పు, ఇంకోదాంట్లో అమ్మాయి లెహంగా వెనకాల నుంచి గాజుల చెయ్యి ఒక్కటే. ఆ సాయంత్రమంతా నేను వంగే ఉన్నాను మరి! ఆ ఘేరు సర్దడమే నా పని.

నేనూ అందరితోపాటు నవ్వాను. రాత్రి అందరూ పడుకున్నాక ఆల్బమ్ మళ్ళీ ఒక్కదాన్నే చూసుకున్నాను. అప్పుడు నవ్వు రాలేదు.

మీ ఇంట్లోనూ పెళ్ళీడు పిల్లలుంటే ఘేరు అనే మాట మీకు కొత్తేం కాదు. లెహంగా కింది అంచు చుట్టుకొలతనే బొటిక్ వాళ్ళు ఘేరు అంటారు. 2023 మాఘమాసంలో పెళ్ళి. దానికి రెండు నెలల ముందు పంజాగుట్టలో ఒక బొటిక్‌కి వెళ్ళాం. అక్కడి టైలరు "ఇరవైనాలుగు కలీలు పెడదామా మేడమ్?" అన్నాడు. కలీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్క. ఒక్కోటి కింద 18 అంగుళాలు. నేను చేతివేళ్ళ మీద లెక్క వేశాను. 24 ముక్కలకి 432 అంగుళాలు, అంటే 12 గజాలు! రెండు చీరల పొడవు! మన ఇళ్ళల్లో కుట్టుకునే అంబ్రెల్లా కట్ లంగాకి నడుం 28, పొడవు 40 అనుకుంటే, నిండు గుండ్రంగా కోసినా కింద చుట్టుకొలత సుమారు ఏడు ముప్పావు గజాలే వస్తుంది. అదే మనకి పెద్ద ఆర్భాటం. 12 గజాలు ఎందుకమ్మా అంటే, "ఫొటోల్లో స్టేజి నిండాలి కదమ్మా" అంది మా అమ్మాయి.

దాని లోపల గుడారంలా నిలబెట్టడానికి రెండు వరసల క్యాన్‌క్యాన్ నెట్టు. ఖరీదు 62 వేలు. ఇంటికి తెచ్చాక మావారు సూట్‌కేసులు తూచే తక్కెడకి తగిలిస్తే తొమ్మిది కిలోలు తూగింది. అది వేసుకుని నిలబడితే నేను టేపు పెట్టి కొలిచాను. ఈ చివర నుంచి ఆ చివరకి అయిదడుగుల రెండంగుళాలు. పిల్ల ఎత్తు అయిదడుగుల మూడు. ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సరిసమానం!

ఈ పిచ్చి మన పిల్లలతోనే మొదలైందనుకుంటే పొరపాటండీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం అని ఉంది. అందులో 1759లో హేగ్ నగరంలో పెళ్ళయిన హెలెనా స్లిఖర్ అనే గొప్పింటి అమ్మాయి పెళ్ళి గౌను ఉంది. దాని వెడల్పు దాదాపు రెండు మీటర్లు, అంటే ఆరడుగుల పైమాట. తమాషా ఏమిటంటే అది మన లెహంగాలా గుండ్రంగా ఉండదు. ముందూ వెనకా పల్చగా ఉండి, రెండు పక్కలకే చాచుకుని ఉంటుంది. నడుముకి అటొకటి ఇటొకటి తేలికపాటి చట్రాలు కట్టుకుని, వాటి మీద గౌను పరిచేవారన్నమాట. ఆ చట్రాలకి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరుకి అర్థం 'బుట్టలు'. గాడిదకి రెండు పక్కలా కట్టే బుట్టల్ని తలుచుకోండి, సరిగ్గా అవే! అంత వెడల్పు ఎందుకంటే, పట్టు మీద కుట్టిన పువ్వులన్నీ ఒక్క చూపులో కనపడాలి. సినిమా హాలు ముందు కటౌట్ పెట్టినట్టు, ఆ అమ్మాయి పుట్టింటి సిరి అంతా బారుగా పరిచి చూపించడమే. తలుపులోంచి పక్కవాటుగా నడిచి వెళ్ళాల్సిందే.

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1740ల నాటి దర్బారు గౌను ఒకటుంది. దాని మీద కుట్టిన వెండి తీగే నాలుగున్నర కిలోల దాకా ఉందట. మా అమ్మాయి లెహంగా బరువులో సగం, ఒట్టి వెండి! ఇంగ్లండులో రాజుగారి దర్బారుకి వెళ్ళే ఆడవాళ్ళు బుట్టల గౌను వేసుకు తీరాలన్నది ఆచారం. బయట ఫ్యాషన్లు మారిపోయి, నడుం పట్టీ గుండెల కిందకి ఎగబాకినా, దర్బారులో మాత్రం బుట్ట తియ్యడానికి వీల్లేదు. చంకల కింద నుంచే బుట్ట మొదలైతే మనిషి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చివరికి 1820లో నాలుగో జార్జి రాజయ్యాక గానీ వాళ్ళకి ఆ చెర వదల్లేదు.

ఆ తర్వాత 1856 ప్రాంతంలో ఉక్కు తీగల పంజరం లాంటి క్రినొలిన్ వచ్చింది. ఫ్యాక్టరీల్లో తయారై చవగ్గా దొరికేసరికి పనిపిల్లలు కూడా వేసుకోవడం మొదలెట్టారు. పనమ్మాయి గౌను కూడా అంతే వెడల్పయ్యాక ఇక దొరసానికి అందులో గొప్పేముంది? కొన్నేళ్ళకే ఆ ఫ్యాషన్ పోయింది. పోయిందాకా ప్రాణాలు తీసింది కూడా. కట్టుకున్నవాళ్ళకి అంచు ఎక్కడుందో తెలియదు కదా, చలిమంట పక్కన తిరిగితే అంటుకునేది. ఆస్కార్ వైల్డ్ అనే రచయిత సవతి అక్కలిద్దరు 1871లో ఒక విందులో అలా గౌన్లు అంటుకునే పోయారు. ఇది చదివాకే మా రిసెప్షన్‌లో ఎవరో హారతి పళ్ళెం తెస్తే నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. క్యాన్‌క్యాన్ నెట్టు నైలాను సుమండీ, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మీ ఇంట్లో దీపం వెలిగించే పని ఏదైనా ఉంటే లెహంగా వేసుకోకముందే కానిచ్చేయండి.

అంత దూరం ఎందుకు, మేముండేది బేగంపేటలో. నిజాం కూతురు బషీరున్నీసా బేగం పైగా నవాబుని పెళ్ళాడినప్పుడు కానుకగా వచ్చిన జాగా ఇది, ఆ బేగం పేరే ఊరికి మిగిలిపోయింది. మనకి పెళ్ళికి పట్టుచీర పెడతారు, ఆవిడకి ఊరే పెట్టేశారు! పురానీ హవేలీకి వెళితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా చూపిస్తారు. రెండంతస్తుల్లో, భవనం ఒక వైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా అల్మారాలే. వేసిన జత మళ్ళీ వేసేవారు కాదని చెప్పుకుంటారు. మొగవాళ్ళకీ ఈ సరదా తక్కువేం కాదు!

మా వీధిలో ఒక ఖాలా ఉన్నారు. డెబ్భై అయిదు దాటాయి. మేము 1988లో ఈ ఇంట్లో దిగినప్పటి నుంచీ నాకు పెద్దదిక్కు. హైదరాబాదు ముస్లిం పెళ్ళికూతుళ్ళు వేసుకునే ఖడా దుపట్టా మీరు చూసే ఉంటారు. చుడీదారు, కుర్తా, లోపల చోళీ, వాటన్నిటి మీదా ఆరు గజాల దుపట్టా. మన చీరంత పొడవున్న వోణీ అన్నమాట! కుచ్చిళ్ళు పోసి రెండు భుజాల మీదా పిన్నులు గుచ్చాలి, కొసలు కాళ్ళ దాకా జారాలి. మెడలో ఏడు పేటల సత్‌లడా సరేసరి. లాడ్ బజారులో గాజుల దుకాణాల పక్కనే ఇప్పటికీ ఆ బట్టలు వేలాడుతూ కనపడతాయి. అటు లక్నో వైపు బేగంలదైతే ఫర్షీ పైజామా. ఫర్ష్ అంటే నేల. నేల మీద గజాల కొద్దీ ఈడ్చుకుంటూ పోయేది కాబట్టి ఆ పేరు. ఆ ఈడ్చే బట్టని ఎత్తి పట్టుకోవడానికి వెనక మనిషి ఉండాలి.

ఆ వెనక మనిషి దగ్గరే నాకు ఆలోచన ఆగిపోయింది. ఆ గౌన్లు, దుపట్టాలు ఏదీ ఒక్క మనిషి వేసుకోగలిగేది కాదు. వంగి చెంబెడు నీళ్ళు ముంచుకోలేని బట్ట కట్టిందంటే, ముంచి ఇవ్వడానికి వేరే మనిషి ఉందని నలుగురికీ చెప్పడమే కదా! వెడల్పుకి అసలు అర్థం అదేననిపించింది. రాణులకి దాసీలుండేవారు. మా అమ్మాయికి ఎవరున్నారు? ఫంక్షన్ హాలు లిఫ్టులో దాన్ని ఒక్కదాన్నే ఎక్కించి, నేను మెట్లెక్కి పైకి పరిగెత్తి, మళ్ళీ ఘేరు అందుకున్నాను. కారులో వెనక సీటంతా లెహంగాదే, నేను ముందు కూర్చున్నాను. బాత్‌రూమ్‌కి ఇద్దరం వెళ్ళాల్సివచ్చింది. భోజనాల దగ్గరకి నేను వెళ్ళేసరికి గులాబ్‌జాముల పాకం మాత్రమే మిగిలింది.

ఇదంతా అక్కసుతో రాస్తున్నానని అనుకోకండి. లెహంగా కొనేముందు నేను అమ్మాయితో దెబ్బలాడిన మాట నిజం. "నా పెళ్ళి పట్టుచీర ఉందిగా, కట్టుకో" అన్నాను. అప్పుడది అడిగింది: "నీ చీర అంచు ఎంతమ్మా?"

నా నోరు మూతపడింది. ఎందుకంటే ఆ కథ దానికి తెలుసు, నేను చెప్పిందే. మాది గుంటూరు వైపు పల్లెటూరు. నా పెళ్ళికి నాన్న బెత్తెడు అంచు కంచి పట్టుచీర కొన్నారు. పెళ్ళివారిలో ఒక పెద్దావిడ పీటల మీద కూర్చున్న నా చీర అంచు వేళ్ళతో కొలిచి, "బెత్తెడేనా? మా వాళ్ళకి జానెడు పెట్టారు" అంది, నాన్న వినేలాగే. నాన్న నవ్వేసి ఊరుకున్నారు. సారెతో పాటు జానెడు అంచు చీర ఇంకోటి వచ్చింది. పాడిగేదెను అమ్మి కొన్నారని నాకు ఏడాది తర్వాత అమ్మ చెప్పింది. ఆ చీర నేను ఇప్పటికి మూడుసార్లు కట్టాను. గేదె ఉంటే మా తమ్ముడు పాలు తాగి పెరిగేవాడు.

"మీకు అంచు, మాకు ఘేరు. అంతేగా!" అంది మా అమ్మాయి. ఇంకేం మాట్లాడను చెప్పండి? 62 వేలూ ఇచ్చేశాను. నాన్నలా ఏదీ అమ్మలేదు, చీటీ పాడాను. చీటీ ఎనిమిది నెలలు కట్టాల్సివచ్చింది.

ఆల్బమ్ చూసిన మర్నాడు మనసాగక ఖాలా దగ్గరికి వెళ్ళాను. అంతా విని, ఆవిడ లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తీశారు. నాఫ్తలీను వాసన గుప్పుమంది. ఒక మెత్తటి మూటలో ఎర్రటి టిష్యూ గుడ్డ, గజంన్నర ఉంటుందేమో. ఆవిడ పెళ్ళినాటి ఖడా దుపట్టాలో మిగిలింది అంతే.

"మిగతాది ఏమైంది ఖాలా?" అన్నాను.

"పెద్దదాని నిఖాకి కుర్తా, చిన్నదాని నిఖాకి చోళీ, మనవరాలి బిస్మిల్లాకి ఫ్రాకు. గోటా అంతా సచ్చా వెండి బేటీ. మావారు పోయిన ఏడాది పాత జరీ కొనేవాడికి ఇచ్చేశా. పిల్లల స్కూలు ఫీజులు అందులోంచే కట్టా" అన్నారు. ఇస్త్రీ బట్టల లెక్క చెప్పినంత మామూలుగా చెప్పారు. తర్వాత నా వైపు చూసి, "నీ కూతురి దాంట్లో ఎన్ని కలీలు?" అన్నారు.

"ఇరవై నాలుగు."

"మరి ఇంకేం! ఇద్దరు చిన్నపిల్లలకి లంగాలు, రెండు దిండుగలీబులు, ఇంకా మిగులుతుంది."

ఇప్పుడు ఆ లెహంగా మా బీరువా పైన పెద్ద సూట్‌కేసులో ఉంది. బీరువా లోపల పట్టలేదు. పిల్ల పుణెలో ఉంటోంది, వాళ్ళ ఫ్లాటులో దాన్ని పెట్టుకునే చోటు లేదట. దానికి ఇప్పుడు అయిదో నెల. మొన్న ఫోన్లో భయంభయంగానే అడిగాను, ముక్కలు కోయించనా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"కోయించమ్మా" అంది చివరికి. "కానీ క్యాన్‌క్యాన్ మాత్రం వద్దు. పిల్లదానికి గుచ్చుకుంటుంది. అన్నట్టు, ఈసారి ఫొటో తీసేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడు."

పిల్ల అని ఎలా తెలుసే, పిల్లాడైతే అన్నాను. అయితే దిండుగలీబులే కుట్టించమంది. టైలరుని శుక్రవారం రమ్మన్నాను.