పెట్టెలోని పెట్టె



పెట్టెలో పెట్టె, దానిలో భరిణె యుంచుకొనుట మనకు క్రొత్తగాదు. అమరకోశమునందును కాండములో వర్గములు, వర్గములో శ్లోకములు, శ్లోకములో నామములు నున్నవి. కంప్యూటరులకు వ్రాయు పట్టికలును ఇట్టివే యని మా బావగారి కుమారుని వలన మేము తెలిసికొంటిమి.

అనేక యంత్రముల నొక్కచోటనుండి చక్కబెట్టుట యతని యుద్యోగము. అందులకు వాడు సాధనము ఆన్సిబుల్. మైకేల్ డిహాన్ 2012లో దానిని వెలువరించెను. 2015లో రెడ్ హ్యాట్ సంస్థ కొనెను. దానికి వలయు వివరములను యామల్ అను పద్ధతిలో వ్రాయుదురు. పంక్తికి ఎడమప్రక్క విడిచిన ఖాళీయే ఏది దేనిలోనిదో తెలుపును.

మా మంగళగిరి నేతపనినే దృష్టాంతముగా గొందము. పట్టికలో నేతవారి యిండ్లు, ఒక్కొక్క యింటిక్రింద మగ్గములు వ్రాసితిమనుకొనుడు. చదువుకొనుటకిది సుఖము. కాని మగ్గమగ్గమునకు పనిచేయవలసిన యంత్రమునకు “ఈ యిల్లు, ఈ మగ్గము” అను జంటలు వరుసగా గావలెను. రెండు మగ్గముల యిల్లు రెండు వరుసలగును. ఇట్లు విప్పి పఱచునది సబ్‌ఎలిమెంట్స్ అను ఫిల్టరు.

“మఱి మగ్గము లేని యింటిమాట యేమి?” అని మేమడిగితిమి.

“దానికి వరుసయే రాదు, పిన్నీ!” అనెను.

మగ్గములను శీర్షికయే వ్రాయకున్నచో యంత్రము తప్పని చెప్పి నిలిచిపోవునట. లేనివానిని దాటిపొమ్మని ముందే యాజ్ఞాపించిన యెడల దాటిపోవును. శీర్షిక యుండి దానికి ఖాళీ జాబితాయని స్పష్టముగా వ్రాసియున్నచో, ఏ యాజ్ఞయు లేకయే మౌనముగా దాటి, పని సుఖముగా ముగిసినదనును.

ఇందలి యపాయమును చూడుడు. అతని పట్టికలో నిండ్లకు బదులు ఉద్యోగులు, మగ్గములకు బదులు వారు యంత్రములలో ప్రవేశించు తాళపుచెవులు నుండును. ఒకరు కొలువు విడిచిరి; వారి పేరిటి తాళపుచెవులను పట్టికనుండి తుడిచివేసిరి. ఇక వారికి వరుసయే లేదు. వరుస లేదు గనుక యంత్రము వారి జోలికే పోదు. లోపల పూర్వము చేర్చిన తాళపుచెవి యట్లే పనిచేయుచుండును! దానిని తొలగింపుమని వేఱుగా వ్రాయవలసినదే. కావుననే యతడు విప్పుటకు ముందు పేర్లు లెక్కించి, ఏమియు లేనివారిని వేఱొక జాబితాగా దీసి, మూలపట్టికను చెఱపక యుంచునట.

ఇది యంత్రముల ముచ్చటయే కాదు. మగ్గముల వారీగా పేర్లు వ్రాసినచో, దినమంతయు కండెలు చుట్టు నిల్లాలికి, పరుల మగ్గముపై నేయు కూలివానికి వరుస దొరకదు. వారిని తీసివేయవలెనని యెవ్వరును తలపలేదు. పట్టిక విప్పిన తీరే వారిని జాఱవిడిచినది. పాఠశాలలోగాని, సంఘములోగాని, పెండ్లిపిలుపులలోగాని జాబితా చేతికందినప్పుడు అందున్న పేర్లు సరిచూచుట చాలదు. దేనిని బట్టి విప్పిరో యడిగి, అది లేనివా రెందఱో కూడ లెక్కింపుడు.