బావి గట్టుమీది కావలి

మానవుడు నిప్పును మచ్చిక చేసుకొన్ననాటి నుండి పొగను ఆకాశానికి వదిలి తన పని తాను చూసుకొనుచున్నాడు. ఆ అలవాటు ఫలితమే నేడు వేడెక్కుతున్న భూగోళం. అందుకు ముఖ్య కారణమైన బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, కర్మాగారాల వద్దనే పట్టి భూగర్భంలో దాచవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రసాయనశాస్త్ర తరగతిలో ఈ సంగతి విన్ననాడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది మా దాదాగారి పొలంలోని పాత బావి.

చిన్నతనంలో వేసవి సెలవులకు మేము ఆ ఊరు వెళ్ళేవారము. ఒక ఏడు వానలు తప్పి, ఎన్నాళ్ళనుండో వాడని ఆ బావిలో పూడిక తీయించవలసి వచ్చింది. మనుషులను దింపే ముందు దాదాగారు వెలిగించిన లాంతరును తాడు కట్టి లోపలికి వదిలారు. సగం దిగేసరికి దీపం కుంచించుకొని ఆరిపోయింది. పనికి వచ్చిన యువకుడొకడు, "గాలికి ఆరింది లెండి, నేను దిగుతాను" అన్నాడు. "గాజు బుడ్డిలోని దీపం గాలికి ఎట్లా ఆరుతుందిరా?" అని దాదాగారు అతనిని ఆపివేశారు. వేపమండలు కట్టగట్టి బావిలో పైకీ కిందికీ ఆడించి, కడవలకొద్దీ నీళ్ళు చిమ్మించి, మరునాడు మళ్ళీ దీపం దింపి, అది నిలిచిన పిమ్మటనే పని మొదలుపెట్టించారు. చివరి మనిషి పైకి వచ్చేవరకు ఆయన గట్టు విడువలేదు. "దిగేవాడికి తొందర ఉండవచ్చు బేటా, గట్టుమీద ఉన్నవాడికి ఉండరాదు" అన్నారు మాతో.

గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైన ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు అడుగున ప్రకృతిసిద్ధంగా పేరుకొన్న ఈ వాయువు ఒక్కసారిగా పైకి ఉబికి, లోయలలోకి పారి, సుమారు 1,700 మందిని బలిగొన్నది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో సటార్షియా అనే గ్రామం వద్ద ఈ వాయువును తీసుకొనిపోయే గొట్టం పగిలింది. సుమారు 200 మంది ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. 45 మంది ఆసుపత్రి పాలయ్యారు.

అట్లని భూగర్భ నిక్షేపమే తప్పనడం న్యాయం కాదు. నార్వే దేశం 1991లో బొగ్గుపులుసు వాయువుపై పన్ను విధించింది. తత్ఫలితంగా 1996లో ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రంలో, సహజవాయువు నుండి వేరుచేసిన బొగ్గుపులుసు వాయువును, సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా దిగువన ఉప్పునీరు నిండిన ఇసుకరాతి పొరలోనికి పంపనారంభించారు. అంత లోతున ఒత్తిడికి వాయువు ద్రవంవలె చిక్కబడుతుంది. పైనున్న బిగువైన రాతిపొర దానికి మూతవలె పనిచేస్తుంది. కాలక్రమాన కొంత భాగం ఆ నీటిలో కరుగుతుంది.

కాని దాచినవాడు లాభం చూసుకొని వెళ్ళిపోతే, పిదప కావలి ఎవరిది? 2009లో ఐరోపా సమాజం చేసిన శాసనంలో మమ్మల్ని ఆకర్షించినది ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానమే. గణనీయంగా కారే ప్రమాదమున్న చోట అనుమతి ఇవ్వరాదు. ఈ వాయువుతో పాటు ఇతర వ్యర్థాలను కలిపి పారవేయరాదు. వాయువు కదలికను ఎడతెగక గమనించాలి, కారితే ఆపాలి, అందుకు ముందుగానే ధనరూపమైన పూచీ చూపాలి. బావులు మూసిన పిమ్మట సాధారణంగా కనీసం 20 ఏళ్ళు గడిచి, వాయువు శాశ్వతంగా నిలుస్తుందని రుజువైతేనే బాధ్యత ప్రభుత్వానికి సంక్రమిస్తుంది. అప్పుడైనా, తదుపరి కనీసం 30 ఏళ్ళ పర్యవేక్షణ వ్యయాన్ని ఆ సంస్థ చెల్లించిపోవాలి. నిజం దాచినదని తేలితే ఆ తరువాత కూడ ఖర్చు రాబట్టవచ్చు. ఇది గట్టుమీది మనిషిని నియమించే శాసనమని మా అభిప్రాయం.

మన దేశంలోనూ ఈ ఆలోచన మొదలైనది. నీతి ఆయోగ్ 2022లో దీనిపై నివేదిక వెలువరించింది. ఐస్‌లాండులో నల్లసానపు రాతిలోనికి పంపిన వాయువులో అత్యధిక భాగం రెండేళ్ళలోనే రాయిగా మారినదని 2016లో ప్రకటించారు. అదే జాతి రాయి మన దక్కను పీఠభూమిలో, తెలంగాణ అంచులలో కూడ పరచుకొని ఉన్నది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ దృష్టితో దానిని పరిశీలించారు. రేపు మన నేలలో ఏది దాచినా, ఆ ఊరివారికి తెలిపి, కావలి ఎవరో తేల్చి, ఆ పిమ్మటనే దాచాలి.

ఇట్లు వ్రాయుటకు మాకు గల అర్హత స్వల్పమని ఒప్పుకొనవలసి ఉన్నది. దాదాగారు గతించిన తరువాత మావారు ఆ పొలం అమ్మివేశారు. కాగితాలలో సరిహద్దులు వ్రాశారు, చెట్లు లెక్కించారు. బావిలో దీపం ఆరిపోతుందన్న మాట మాత్రం కొన్నవారికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఈ వ్యాసానికి పూనుకొన్నప్పుడు అది ములుకువలె గుచ్చుకొన్నది. గడచిన సెలవులలో వెళ్ళి చూస్తే బావి నోటిమీద ముళ్ళకంప వేసి ఉన్నది. కొత్త యజమాని వచ్చే వేసవిలో పూడిక తీయిస్తానన్నాడు. దాదాగారు చేసినదంతా అతనికి వివరించి, ఇంట మిగిలిన పాత లాంతరును అతని చేతికిచ్చి వచ్చాము.

అమానతు అప్పగించేటప్పుడు దాని గుణదోషాలు కూడ చెప్పి అప్పగించాలి. విద్యార్థి మిత్రులారా, భూగర్భం మన తరువాతివారికి మనం అప్పగించే అమానతు.