చింతపిక్కల బడి

2020 జులై. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. హాల్లో ఒక మూల కూతురు ల్యాప్‌టాప్ ముందు ఆఫీసులో ఉంది. ఇంకో మూల ఏడేళ్ల మనవడు సెల్‌ఫోన్ ముందు బడిలో ఉన్నాడు. అరచేతిలో పట్టే ఆ బడిలో టీచరమ్మ తీసివేతలు చెబుతోంది. వీడేమో కెమెరా ఆపేసి, సోఫా కింద దూరి బొమ్మకారు తోలుకుంటున్నాడు.

'అమ్మా, వీడు రెండో తరగతికొచ్చాడు. ముప్పైరెండులోంచి ఏడు తీసెయ్యమంటే ఏడుస్తున్నాడు. నువ్వయినా కాస్త కూర్చోబెట్టు' అంది కూతురు.

ఆమె కూర్చోబెట్టింది. పది నిమిషాలు తిరక్కుండానే వాడికి దాహం, నిద్ర, కడుపునొప్పి వరసగా వచ్చేశాయి. రెండోరోజూ అంతే. మూడోరోజు ఓపిక నశించి గొంతు పెంచింది. వాడు పలక అవతలకి తోసేసి, 'నాకు లెక్కలు రావు. నేను మొద్దుని' అన్నాడు.

ఆమెకి గుండె కలుక్కుమంది. లెక్క రాకపోతే రేపు వస్తుంది. ఏడేళ్లకే తాను మొద్దునని నమ్మేస్తే ఎలా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బడి లేని మరో కాలం గుర్తొచ్చింది.

ఉప్పెన మింగిన బడి

1977 నవంబరు 19. అప్పుడామెకి ఎనిమిదేళ్లు. దివిసీమలో ఓ చిన్న పల్లె. ఆ రోజు సముద్రం ఊళ్లమీద పడింది. వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. వాళ్ల కుటుంబం ఎవరిదో డాబా మీదికెక్కి ప్రాణాలు దక్కించుకుంది. నీళ్లు తీశాక చూస్తే బడి ఉన్నచోట బురద మిగిలింది. రోజూ ఆమె పక్కన కూర్చునే ఇద్దరు పిల్లలు ఇక కనబడలేదు.

నాన్న ఆమెని తెనాలి దగ్గర పల్లెలో పెద్దమ్మ ఇంట దిగబెట్టి, కూలిన ఇల్లు నిలబెట్టుకోవడానికి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో బడి ఉంది. కానీ ఈ పిల్ల గడప దాటితేనా! బడిగంట వినపడగానే వెళ్లి గాదె వెనక నక్కేది. బెత్తం తీసుకోమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 'పోనీలెండి, దాని భయం తీరేదాకా ఇంట్లోనే ఉండనీండి' అంది పెద్దమ్మ.

పెద్దమ్మకి చదువు రాదు. ఎక్కడైనా వేలిముద్రే. నాలుగు గేదెల పాడి, ఇరవై ఇళ్లకి పాల వాడిక. సాయంత్రం పాలు పోసొచ్చి, అరుగు మీద వామనగుంటల పీట వేసేది. అటు ఏడు, ఇటు ఏడు... పద్నాలుగు గుంటలు. గుంటకి అయిదు చొప్పున డెబ్భై చింతపిక్కలు. ఒక గుంటలోవి ఎత్తి తలా ఒకటీ వేసుకుంటూ పోవాలి. చెయ్యి ఖాళీ అయితే పక్క గుంటలోవి ఎత్తాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవే. ఏ గుంట ఎత్తితే ఎక్కడ ఆగుతామో చెయ్యి వెయ్యకముందే మనసులో లెక్క చూసుకోవాలన్నమాట.

మొదట్లో ఆ పిల్ల మాట్లాడకుండా ఆడేది. పెద్దమ్మా ఏమీ అడిగేది కాదు. ఉప్పెన గురించి అడగలేదు, బడి గురించి అడగలేదు. ఆట అయ్యాక మాత్రం పిక్కలు లెక్కపెట్టి, 'నాకు నలభై, నీకు ముప్పైరెండు' అనేది.

'అదెలా పెద్దమ్మా? ఉన్నవే డెబ్భై కదా!'

ఆ ఇంటికొచ్చాక ఆ పిల్ల గొంతు విప్పి పలికిన మొదటి మాట అదే. 'నాకు లెక్కలు రావమ్మా, కాస్త నువ్వే చూడు' అని పెద్దమ్మ పిక్కలన్నీ ఇటు తోసేసింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో లెక్కలన్నీ ఆ పిల్లవే. పది పిక్కలకి ఒక గవ్వ అని ఇద్దరూ కలిసి కట్టుబాటు చేసుకున్నారు. వంటింట్లో నాలుగు గిద్దలు కొలిస్తే సోల, రెండు సోలలు కొలిస్తే తవ్వ. చాటలో పరిచిన బియ్యం మీద వేలితో అక్షరాలు. ఎవరింటికి ఎన్ని పాలు పోశారో బొగ్గుతో గోడమీద రాసిపెట్టే ఉద్యోగం కూడా వచ్చింది. వాడికిళ్ల పేర్లన్నీ రాసేసరికి గుణింతాలు గాడిన పడ్డాయి. 1978 జూన్‌లో ఊరెళ్లి, తనంతట తానే పలక పట్టుకుని బడికి నడిచింది.

గుడ్ల అట్ట, పాత గుండీలు

ఇదంతా గుర్తొచ్చాక మర్నాడు పొద్దున్నే ఆమె పని మొదలెట్టింది. అపార్ట్‌మెంట్‌లో వామనగుంటల పీట ఎక్కడ దొరుకుతుంది? కోడిగుడ్ల అట్ట కత్తిరించి పద్నాలుగు గుంటలు చేసింది. చింతపండు ప్యాకెట్టులో పిక్కలుండవు కాబట్టి రాజ్మా గింజలు తీసింది. గవ్వలకి బదులు పాత చొక్కాల గుండీలు. మనవడు సోఫా కింద నుంచి తొంగిచూసి, పాక్కుంటూ వచ్చాడు. ఆట రక్తి కట్టింది.

సరిగ్గా అప్పుడే ఆమె తప్పు చేసింది. 'నీ దగ్గర ఎన్నున్నాయి? అందులోంచి ఏడు తీసేస్తే ఎన్నిరా?' అంది. వాడు ఆమె ముఖంలోకి ఓసారి చూసి, చేతిలో గింజలు అట్టలో పోసేసి మళ్లీ సోఫా కిందికి వెళ్లిపోయాడు. ఇదీ పరీక్షేనని వాడికి అర్థమైపోయింది మరి!

మందుబిళ్లని బెల్లంలో పెట్టిచ్చినా పిల్లలు పసిగట్టేస్తారు. ఆటలో పరీక్ష దూరిందంటే అది ఇక ఆట కాదు. పెద్దమ్మ ఒక్కసారయినా 'ఎన్ని?' అని అడిగిందా? లేదు. అడగడానికి బదులు తప్పు చెప్పేది. దిద్దే పెద్దరికం పిల్లకి వదిలేసేది.

మర్నాడు ఆట అయ్యాక ఆమె గింజలు లెక్కపెట్టి, తాపీగా, 'నాకు నలభై, నీకు ముప్పైరెండు' అంది. వాడు కళ్లు చిట్లించాడు. వేళ్లు ముడిచాడు. 'అమ్మమ్మా, తొండి! డెబ్భై కదా ఉన్నవి!' అని గంతేశాడు. లోపల నుంచి కూతురు హెడ్‌ఫోన్స్ తీసి తొంగిచూసింది.

వారం తర్వాత వాడి దగ్గర మూడు గుండీలు, రెండు గింజలు ఉన్నాయి. అమ్మమ్మకి ఏడు గింజలు బాకీ. రెండే ఉన్నాయే! కాసేపు ఆలోచించి ఒక గుండీ ఇచ్చి పది గింజలు తెచ్చుకున్నాడు. పన్నెండులోంచి ఏడు బాకీ తీర్చాడు. రెండు గుండీలు, అయిదు గింజలు మిగిలాయి. 'మా టీచరు అప్పు తెచ్చుకో అంటుందే... ఇదేనా?' అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత ఆటలు ఒకటొకటే చేరాయి. నాలుగు గవ్వలు దొరకగానే అష్టాచెమ్మా. అన్నీ వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది. కూరలు తరిగేటప్పుడు మాటల గొలుసు... పలక, కడవ, వల, లత, తబలా అంటూ చివరక్షరంతో కొత్త మాట అందుకోవడం. దోసెని సగం, పావు, అరపావు చేసి పంచడం వాడి వంతు. వీటికి పైసా ఖర్చులేదు. పెద్దవాళ్లు నిజంగా ఆడాలి, అప్పుడప్పుడూ ఓడాలి, అంతే.

ఇది కొత్త సంగతీ కాదు. వకీలుగా పనిచేసిన గిజుభాయి బధేకా, కొడుకు పుట్టాక పిల్లల చదువు మీద మనసుపెట్టి, 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం నడిపారు. కథలు, ఆటలతోనే చదువు మొదలవ్వాలన్నారు.

అలాగని ఇల్లు బడికి బదులవుతుందా? కాదు. బళ్లు మళ్లీ తెరిచినరోజు మనవడు వెనక్కి తిరిగి చూడకుండా స్నేహితుల దగ్గరకి పరిగెత్తాడు. వాడు బడికి భయపడకుండా వెళ్లాడన్నదే ఆమెకి దక్కిన సంతోషం.

ఆ రోజు ఖాళీ ఇంట్లో గుడ్ల అట్ట సర్దుతుంటే ఆమెకి ఓ సందేహం వచ్చింది. ఇరవై ఇళ్ల పాల లెక్క నెలంతా కాగితం ముక్క లేకుండా నోటిమీద చెప్పిన మనిషి, డెబ్భై చింతపిక్కలు లెక్కపెట్టలేకపోయిందా? ఇన్నేళ్లూ ఆ సంగతే తట్టలేదు. అడుగుదామంటే పెద్దమ్మ ఇప్పుడు లేదు.

సాయంత్రం మనవడు వచ్చి సంచీ పడేసి, ఆమె ఒళ్లో తలపెట్టుకున్నాడు.

'అమ్మమ్మా, నువ్వు కావాలనే తప్పు లెక్కపెట్టేదానివి కదూ?'

'ఏమో నాన్నా' అందామె. 'నాకు లెక్కలు రావు. కాస్త నువ్వే చూడు.'